విరుగుడు పాళ్లు

మే 28

ఆ రోజు ఏం జరిగిందో వరసగా రాసిపెట్టుకుంటున్నాను. మరిచిపోతానని కాదు. అడిగిన ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెబుతున్నానని మొన్న గమనించాను.

మే తొమ్మిది, శుక్రవారం. పొద్దున ఆరున్నరకి మా ఆవిడ జీపులో సైటుకి వెళ్లింది. జీపు నడిపింది సైటు పంపుల దగ్గర పనిచేసే గేజి. చమురు బావి పక్కనున్న మూడో ట్యాంకు నుంచి ఇరవై లీటర్ల డబ్బాలో నీళ్లు నింపుకుని పదకొండింటికి ల్యాబుకి తిరిగొచ్చింది. డబ్బా నా బల్ల కింద పెట్టింది. లేబులు రాసి అంటించింది. చేతులు కడుక్కుని, "కాసేపు కూర్చుంటాను, ఎండ తగిలినట్టుంది" అంది. కాలితో కుర్చీ జరిపాను. నా చేతిలో బీకరు ఉంది, కింద పెట్టలేదు. పెడితే మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. పది నిమిషాల తరవాత ఛాతీ బరువుగా ఉందంది. పక్క బల్లావిడ ఫోను చేసింది. గేజి జీపు వెనక్కి తిప్పాడు. ఆస్పత్రిలో ఒంటిగంట దాకా మాట్లాడింది. వంటింటి కిటికీ వేయడం మరిచిపోయానని చెప్పింది. రెండున్నరకి అయిపోయింది.

ఇంతే.

కిటికీ వేసే ఉంది.

మే 29

నిద్ర బాగానే పట్టింది.

జూన్ 1

వారం ఉండి వెళ్తానని వచ్చిన అత్తగారు నాలుగో వారంలో పడ్డారు. ఎప్పుడు వెళ్తారని నేను అడగలేదు, ఆవిడా ఆ మాట ఎత్తలేదు. ఇరవై రెండేళ్లలో మేమిద్దరం ఒక గదిలో ఇంతసేపు కూర్చున్నది లేదు. మధ్యలో ఎప్పుడూ తనుండేది, ఈవిడ మాట నాకూ, నా మాట ఈవిడకీ చేరవేస్తూ. ఇప్పుడు మాటలు నేరుగా వస్తున్నాయి. అనుకున్నంత ఇబ్బందిగా లేదు.

ఇవాళ ఆదివారం. టీ తాగుతూ అడిగారు.

"ఇంతకీ అల్లుడుగారూ, మీరిద్దరూ ఆఫీసులో చేసే పనేమిటి? అది చెప్పేది గానీ నా తలకెక్కేది కాదు."

చెప్పాను. నేల కింద మూడు కిలోమీటర్ల లోతున బండ ఉంటుంది. బండలో చమురు ఉంటుంది, అది కదలడానికి దారి ఉండదు. నీళ్లని గట్టిగా తోసి బండని పగలదీస్తాం. పంపు ఆపితే పగులు మూసుకుపోతుంది కాబట్టి అందులో ఇసుక నింపాలి. ఉత్త నీళ్లు ఇసుకని మోయలేవు. అందుకని గోరుచిక్కుడు గింజల పిండి కలిపి నీళ్లని జిగురుగా చేస్తాం.

"గోరుచిక్కుడా?"

"గోరుచిక్కుడే."

"కంచంలో వేస్తే ఏరి పక్కన పెట్టేవారు మీరు. దాంతోనా మీ ఉద్యోగం?"

"ఇరవై ఏళ్లుగా."

ఆవిడ నవ్వారు. చాలా రోజులకి. "బావికి కూర పెడుతున్నారన్నమాట. సరే, తరవాత?"

తరవాత ఆ జిగురు విరిగిపోవాలి. ఇసుకని పగుల్లోకి చేర్చేదాకా గట్టిగా ఉండాలి. చేర్చాక నీళ్లలా పల్చబడి పైకి వచ్చేయాలి. రాకపోతే అదే అడ్డం పడి చమురుని ఆపేస్తుంది. విరగడానికి ముందే ఒక మందు కలిపి పంపుతాం. దాన్ని అందరూ బ్రేకర్ అంటారు. తను విరుగుడు అనేది, సీసాల మీద అలాగే రాసేది. మొదట్లో ల్యాబంతా నవ్వింది. తరవాత అందరికీ అదే అలవాటైంది. ఎక్కువైతే జిగురు దారిలోనే విరిగి ఇసుకని వదిలేస్తుంది, తక్కువైతే అసలు విరగదు. ఎన్ని పాళ్లు వేయాలో తేల్చడం నా పని. పరీక్షకి సైటు నుంచి నీళ్లు తేవడం, భద్రం చేయడం తన పని.

"విరుగుడంటే విషానికి కదా వేస్తారు?"

"ఇది జిగురుకి."

ఆవిడ కాసేపు ఆలోచించారు. "అంటే మోసినది బయటికి వచ్చేస్తుంది. బరువు మాత్రం లోపలే ఉండిపోతుంది."

అవునన్నాను. కప్పులు నేనే కడిగాను.

జూన్ 4

ల్యాబులో మామూలుగానే ఉంది. పదిహేడో తారీఖున అదే సైటులో రెండో బావి పని. పరీక్షలు మొదలుపెట్టాను.

జెల్ చక్కగా కుదిరింది. బీకరు వంచితే నాలుక బయటపెట్టింది, నిలబెడితే మళ్లీ లోపలికి లాక్కుంది. ఆ మాత్రం నాలుక చాచకపోతే అది జెల్ కాదు. ఇరవై ఏళ్లయినా చూడటానికి సరదాగానే ఉంటుంది.

డెబ్బై డిగ్రీల వేడిలో తొంభై నిమిషాలు నిలవాలి, మూడు గంటలకల్లా విరగాలి. ఈ సైటుకి ఎప్పుడూ వెయ్యికి పది పాళ్ల విరుగుడు. ఇవాళ అరవై నిమిషాలకే విరిగింది. పిండి కొత్త లాటు వచ్చింది. పిండిదే తేడా. విరుగుడు ఏడుకి తగ్గించాను. తొంభై రెండు నిమిషాలు నిలిచింది.

నీళ్లు తన డబ్బావే. సగం పైనే ఉన్నాయి. మామూలుగా ఏ వారానికావారం కొత్త నీళ్లు వచ్చేవి. తన పని ఇంకా ఎవరికీ అప్పజెప్పలేదు. తొందరేముంది.

జూన్ 5

పిండిదే తేడా.

జూన్ 8

తను లేబులు వేయనిది లేదు. ఒకసారి నా చొక్కా జేబుకి అంటించి పంపింది. సాయంత్రం దాకా నాకు తెలియలేదు, ల్యాబులో ఎవరూ చెప్పలేదు. 'కదిలించి వాడవలెను' అని రాసి ఉంది.

నేను మాట్లాడకుండా కూర్చుంటే, "మీకు ఎన్ని పాళ్లు వేయాలో ఇంకా తేలలేదు" అనేది.

ఇవాళ అత్తగారితో కలిసి నడకకి వెళ్లాను. వీధి చివరి దాకా. గాలి బాగుంది. ఆవిడ నాకంటే వేగంగా నడుస్తారు.

జూన్ 11

మళ్లీ అరవై దాటలేదు, ఏడు పాళ్లు వేసినా.

పక్క బల్లావిడ వచ్చి నిలబడింది. ఈ ల్యాబులో చేరి పదేళ్లు. నన్ను అన్నయ్యా అంటుంది, తనని వదినా అనేది.

"అన్నయ్యా, కొత్త నీళ్లు తెప్పిద్దామా?"

"ఉన్నవి ఉండగా ఎందుకమ్మా?"

"నెల దాటింది కదా."

"నీళ్లకి వయసేంటి?"

డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. "మీ ఇష్టం అన్నయ్యా" అని వెళ్లిపోయింది.

నాలుగు పాళ్లకి దించాను. సరిగ్గా తొంభై నిమిషాలు. సంతోషం.

ఇదివరకు పరీక్షకి లీటరు నీళ్లు తీసేవాడిని. ఇప్పుడు అర లీటరుతో సరిపెడుతున్నాను. నీళ్లు దండగ చేయడం మంచిది కాదు. మూత తీస్తే కాస్త వాసన. ట్యాంకు నీళ్లు అలాగే ఉంటాయి.

జూన్ 13

వంటింటి కిటికీ గడియ వదులైతే బిగించాను. అత్తగారు స్టూలు పట్టుకున్నారు.

"పడితే అటు పడండి. నా మీద పడకండి. నన్ను చూసుకునేవాళ్లు ఎవరూ లేరు."

ఇద్దరం నవ్వాం. గడియ గట్టిగా పడుతోంది ఇప్పుడు.

జూన్ 16

రేపటి పనికి ల్యాబు చీటీ రాసి పంపాను. విరుగుడు: వెయ్యికి నాలుగు. సంతకం పెట్టాను.

అరగంటలో గేజి ఫోను. సైటులో పంపులన్నీ వాడి చేతి మీదే నడుస్తాయి. ఎవరు మాట్లాడుతున్నా కళ్లు పంపు ఒత్తిడి చూపే గేజి మీదే ఉంటాయని ఆ పేరు పెట్టారు. తనని చెల్లెమ్మా అని పిలిచేవాడు, అందుకని నేను బావని.

"బావా, నాలుగేంటి? ఎప్పుడూ పది కదా."

"పిండి మారింది."

"పిండి మారితే పది నాలుగైపోద్దా?"

"పరీక్ష చేసే రాశాను."

"నువ్వు చేశాక ఇంకేముంది. బావి సంగతి బావకే తెలియాలి. చీటీలో ఏముంటే అదే పోస్తాను."

జూన్ 17

పని సాఫీగా జరిగింది. ఇసుకంతా లోపలికి వెళ్లింది. ఇంటికొచ్చి అత్తగారికి చెబితే, "బావికి కడుపు నిండిందన్నమాట" అన్నారు.

జూన్ 19

బావి తెరిచారు. జిగురు వచ్చింది. గడ్డలు గడ్డలుగా కాసేపు వచ్చి అదీ ఆగిపోయింది. నీళ్లు లేవు, చమురు లేదు.

"వాల్వు దగ్గర నాలుక చాస్తోంది బావా" అన్నాడు గేజి ఫోనులో. "నీ బీకర్లో లాగే. కాకపోతే ఇది నా చెయ్యంత ఉంది."

ఒక రోజు ఆగి చూడమన్నాను.

జూన్ 20

ఏమీ రాలేదు. వారంలో కదలకపోతే ఈ బావిని వదిలేసి మూసేస్తారట.

మేనేజరు పిలిచారు. "ఇరవై ఏళ్లలో మీ చీటీ ఒక్కటి తప్పలేదు. సైటులో కలపడంలోనే ఏదో అయింది. మీరు ఒక రెండు లైన్లు రాసివ్వండి."

రాసిచ్చాను. ల్యాబు ఫలితాల ప్రకారం పాళ్లు సరిగ్గా ఉన్నాయి. కలపడంలో లోపం ఉండవచ్చు.

ఉండవచ్చు అనే రాశాను.

సాయంత్రానికి గేజిని పంపు మీంచి తప్పించారు. విచారణ అయ్యేదాకా గోడౌనులో కూర్చోమన్నారు.

జూన్ 21

ఉండవచ్చు అనే కదా రాశాను.

పదింటికి గేజి ఇంటికే వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ రోజు ఆస్పత్రికి జీపు ఎంతలో నడిపానో తెలుసా బావా? మీటరు ముల్లు చివరికి ఆనింది. అప్పుడు కూడా నా చెయ్యి వణకలేదు. అలాంటిది నాలుగు పాళ్ల మందు కొలవడంలో వణుకుద్దా?"

తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను.

"నాలుగే పోశాను. ఆ మాట చెప్పడానికి వచ్చాను" అని వెళ్లిపోయాడు. అత్తగారు వెనక నిలబడి వింటున్నారని అప్పుడు చూశాను.

"ఎవరాయన?"

"సైటులో పంపు నడుపుతాడు."

"అబద్ధం చెప్పేవాడిలా లేడు" అన్నారు, అంతే.

జూన్ 22

ఆదివారం. దీన్ని తాపీగా రాయాలి.

పదకొండింటికి అత్తగారు వంటింట్లోంచి పిలిచారు. బల్ల మీద రెండు పిండి డబ్బాలు ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. వంటింట్లో కూడా తను వేయని లేబులు లేదు.

"ఇది చూడండి అల్లుడుగారూ. దీనికి పురుగు పట్టింది. దీనికి పట్టలేదు. రెండిటి మీదా ఒకే తారీఖు వేసింది."

"ఒకటి పాతబడి ఉంటుంది."

"ఒకే తారీఖంటుంటే పాతబడటం ఏమిటి? కళ్లజోడు పెట్టుకోండి. ఇదిగో, దీని మూల టిక్కుంది. దానికి లేదు."

చూశాను. లేదు.

"ఎండబెట్టి పోస్తేనే టిక్కు పెట్టేది. చిన్నప్పటినుంచీ అంతే. బళ్లో లెక్క చేసి, సరిచూసుకుని, అప్పుడు పెట్టేది. దీనికి పెట్టలేదంటే పని అవలేదనే. పోసేసి, తరవాత చూద్దామనుకుని ఉంటుంది. మధ్యలో ఎవరు పిలిచారో ఏమో."

డబ్బా తీసుకుని పెరటి వైపు నడిచారు. పారబోయకండి అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆవిడ ఆగారు. "దాని చేత్తో పోసిందని ఉంచుకుందామా? ఎవరు పోశారో పురుగుకేం తెలుసు?"

పారబోసొచ్చి, డబ్బా కడిగి, బోర్లించారు. ఆవిడ చేతులు తుడుచుకుంటుంటే ముక్కు ఎర్రగా ఉంది. నేను బల్ల దగ్గరే కూర్చుండిపోయాను.

ఇవాళ ల్యాబుకి తాళం.

జూన్ 23

ఏడున్నరకే వెళ్లాను. బల్ల కింద నుంచి డబ్బా బయటికి లాగి కిటికీ దగ్గర పెట్టాను.

మూడో ట్యాంకు. మే 9. ఇరవై లీటర్లు. గుండ్రటి రాత, కొమ్ములు కొంచెం పొడుగు. మూల ఖాళీ.

నీళ్లు తేగానే పురుగు చేరకుండా నాలుగు చుక్కల మందు వేసేది. వేశాకే టిక్కు. మందు పడని నీళ్లు నాలుగు రోజులుంటే, అందులో కంటికి కనపడని పురుగు చేరుతుంది. అది గోరుచిక్కుడు పిండిని తింటుంది. అలాంటి నీళ్లలో జిగురు దానంతటదే విరుగుతుంది, విరుగుడుతో పని లేదు. ల్యాబులో చేరిన మొదటి వారం నేర్పే పాఠం ఇది. నేను నేర్పిన పాఠం.

ఆ రోజు లేబులు అంటించింది, చేతులు కడుక్కుంది, కాసేపు కూర్చుంటానంది.

ఆరు వారాలు ఆ లేబులుని రోజూ చూశాను. చదవలేదు.

నీళ్లు కుళ్లేకొద్దీ నేను విరుగుడు తగ్గించుకుంటూ వచ్చాను. సైటులో గేజి మంచి నీళ్లలో నా నాలుగు పాళ్లు పోశాడు. ఇంక ఎలా విరుగుతుంది?

ఎనిమిదింటికి పక్క బల్లావిడ వచ్చింది. కొత్త నీళ్లు కావాలమ్మా అన్నాను. వంగి తన బల్ల కింద నుంచి ఒక డబ్బా లాగింది.

"పదకొండో తారీఖునే తెప్పించి పెట్టాను అన్నయ్యా. మందు కూడా వేశాను."

"మరి చెప్పలేదేం?"

"వదిన డబ్బా కదా. నోరు రాలేదు." డబ్బా నా వైపు జరిపి, "చెప్పాల్సింది" అంది.

ఇద్దరం కలిసి చేశాం. కొత్త నీళ్లు, పది పాళ్లు: తొంభై దాటి నిలిచింది, మూడు గంటలకి నీళ్లయింది. కొత్త నీళ్లు, నాలుగు పాళ్లు: సాయంత్రం నాలుగింటికి కూడా బీకరు వంచితే నాలుక.

మేనేజరు దగ్గరికి వెళ్లి పాత కాగితం వెనక్కి అడిగాను. కొత్తది ఇచ్చాను. పాళ్లు నేను తప్పు వేశాను. పాడైన నీళ్లతో పరీక్ష చేశాను. సైటులో కలపడంలో ఏ లోపమూ లేదు. ఈసారి ఉండవచ్చు అన్న మాట లేదు.

"ఇది ఫైల్లోకి వెళ్తుందండీ" అన్నారు ఆయన.

"వెళ్లాలనే రాశాను."

గోడౌనుకి ఫోను చేశాను. గేజి అంతా విన్నాడు.

"చెల్లెమ్మ మీదికి తోశావా?"

"లేదు. నీళ్లు మార్చనిది నేను."

"అయితే సరే. ఎంత పోయమంటావు చెప్పు."

జూన్ 24

సైటుకి వెళ్లాను. ఇరవై ఏళ్లలో పదిసార్లు కూడా వెళ్లి ఉండను. దుమ్ము, పంపుల రొద. గేజి మళ్లీ పంపు మీద ఉన్నాడు. ఉత్త నీళ్లలో విరుగుడు చిక్కగా కలిపి, బండ ఇంకా పగలకుండా నెమ్మదిగా లోపలికి తోశారు. రెండు గంటలు పట్టింది. వాల్వు మూసి రెండు రోజులు నానబెట్టాలి.

గేజి తన ఫ్లాస్కులో టీ సగం పోసిచ్చాడు. నా వైపు చూడలేదు. పంపు గేజి వైపే చూస్తూ, "గోడౌనులో ఈగలు ఎక్కువ బావా" అన్నాడు.

"తెలుసు."

"నీకెలా తెలుసు? ఎప్పుడైనా కూర్చున్నావా?"

"నన్ను కూడా కూర్చోబెడతారేమో చూద్దాం."

నవ్వాడు. టీలో చక్కెర ఎక్కువ. మొత్తం తాగాను.

జూన్ 25

ఎదురుచూడటం తప్ప పని లేదు. బల్ల సర్దాను. నిద్ర నిజంగానే బాగా పట్టింది.

జూన్ 26

ఏడింటికి వాల్వు తెరిచారు. నేను అక్కడే ఉన్నాను. మొదట గడ్డలు. గేజి మూతి విరిచాడు. ఎనిమిదింటికి గంజిలా వచ్చింది. ఎనిమిదిన్నరకి బీకరులో పట్టి వంచాను. నాలుక లేదు, జారిపోయింది. పదిన్నరకి నీళ్లు. పన్నెండు దాటాక నీళ్ల మీద సన్నటి నల్లటి చార. గేజి చూపుడువేలు ముంచి, వాసన చూసి, ఆ వేలు నా చొక్కాకి రాశాడు.

"లేబులు" అన్నాడు.

ఉతికినా పోదు. పోనీ.

మూడింటికి ల్యాబుకొస్తే మేనేజరు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. న్యాయంగానే ఉంది. బల్ల సొరుగులో పెట్టుకున్నాను.

తన డబ్బాలో ఆరు లీటర్లు మిగిలాయి. సింకులో పోశాను. ఒక్కసారిగా పోయలేదు, సన్న ధారగా పోశాను. పక్క బల్లావిడ వచ్చి కిటికీ తెరిచి, పక్కన నిలబడింది. డబ్బా మూడుసార్లు కడిగాను, లేబులు తడవకుండా.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను.

"వాసన వచ్చిందా?"

"బాగా."

"ఇన్నాళ్లూ తెలియలేదా మీకు?"

"తెలిసింది."

తల ఊపారు. కాసేపటికి, "వారమని వచ్చాను. నా సంచీ సర్దుకోనా?" అన్నారు.

"వారం ఇంకా అవలేదు కదండీ."

"ఈ లెక్కతోనే బావుల్లో మందు పోశారా?" అని లోపలికి వెళ్లారు. సంచీ మంచం కిందే ఉంది. ఇప్పుడే చూసొచ్చాను.

రేపు శుక్రవారం. పొద్దున ఆరున్నరకి గేజి జీపు తెస్తాడు. మూడో ట్యాంకు దగ్గర నేనే డబ్బా నింపుతాను. అక్కడే నాలుగు చుక్కలు వేస్తాను. లేబులు రాసి, పాతది పీకకుండా దాని మీదే అంటిస్తాను. తనూ ఎప్పుడూ పీకేది కాదు, ఆ డబ్బాకి ఎన్ని పొరలున్నాయో. ఆ తరవాత మూలన టిక్కు పెడతాను.